సదరు బకిల్

కోర్టు గేటు పక్కన జిరాక్సు షాపు రేకు కింద నా టేబులు.
పేజీకి నలభై రూపాయలు.
పదహారేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ దుఃఖాన్ని
ఒకటిన్నర స్పేసింగులో కొడుతున్నాను.

ఈవేళ గరికిన బండెమ్మ వచ్చింది, పెదజాలారిపేట నుంచి.
హార్బర్లో వలలు బాగుచేస్తుంది.
నైలాను దారం కోసిన గీతలు వేళ్ళనిండా.
చెప్పమ్మా, అన్నాను.

"ఐసు బండి పల్టీ కొట్టినాది బావూ. బెల్టు ఒగ్గేసినాది.
తొట్టిలోంచి సేప ఎగిరినట్టు
అద్దంలోంచి ఎలిపోనాడు."

నేను కొట్టాను:
సదరు వాహనము బోల్తాపడిన సమయమున
సదరు బకిల్ తనంతట తాను తెరువబడినందున
నా భర్త గరికిన ఎల్లాజీ బయటకు విసిరివేయబడి

అక్కడ వేలు ఆగింది.
తయారుచేయబడి, బిగించబడి, అమ్మబడి, విసిరివేయబడి.
మా కాగితాల్లో ఎవరూ ఏ పనీ చెయ్యరు.

కంపెనీవారి జవాబు నోటీసు తొమ్మిది పేజీలు.
తొమ్మిదింట్లోనూ ఊపిరున్న వాక్యం ఒకటే:
మృతుడు బెల్టు ధరించియుండలేదు.

"ఏసుకున్నాడు.
తాళం తిప్పకముందే ఏసుకుంటాడు.
హనుమంతవాక కాడ పోలీసోళ్ళు ఆపుతారని కాదు,
నా పుస్తెలతాడు తాకట్టెట్టి కొన్న బండి మరి,
దానికున్నవన్నీ వాడాలంటాడు."

చూశావా, అని అడుగుతారమ్మా.

"సూడలేదు. ఆలు మాత్రం సూసినారేటి?
కేజీహెచ్‌లో ఒళ్ళు తుడిసింది నాను.
కుడి బుజం కాడినుంచి ఎడం నడుం దాకా
నల్లగా, నాలుగేళ్ళ ఎడల్పు."

పోస్టుమార్టం కాగితం తిరగేశాను.
ఛాతీపై కమిలిన గాయములు, అని ఒక ముక్క.
ఏ వైపు నుంచి ఏ వైపుకో లేదు.
నా చెయ్యి నాకు తెలీకుండా నా కుడి భుజం మీదికి వెళ్ళింది.
నాన్నకి పిండం పెట్టిన రోజు
జంధ్యాన్ని ఆ వైపుకే మార్చుకున్నాను.
అదే వాలు.
అది ఆమెకి చెప్పలేదు.

భీమిలి స్టేషను వెనక ఆ బండి తుప్పు పడుతోందట.
మరిదిని తీసుకుని వెళ్ళిందట.
"దూర్సినాను. టక్కుమంది.
ఎనకనుంచి మునేలితో ఇలాగ కొట్టినాను,
ఊడిపోనాది.
ముడి బిగిసినాదో, బిగిసినట్టు నటిస్తన్నాదో
ఏలికి తెలుస్తాది బావూ.
నాను ఏసిన ముడి ఊడితే
సముద్రంలో సేప సముద్రంలోనే ఉంటాది."

ఇక చివరి పేరా. దాని పేరు ప్రార్థన.
ఎన్ని లక్షలో వకీలు సుభాషిణి గారు
పెన్సిలుతో ఖాళీ వదిలారు.
బండెమ్మ ఆ ఖాళీని
చిరిగిన వల కన్నుని చూసినట్టు చూసింది.

"అలాటి బకిళ్ళున్న బళ్ళు ఇంకా తిరగతన్నాయా?"
తిరుగుతున్నాయి.
"అన్నిట్నీ ఎనక్కి పిలమని రాయి."
అది ఈ ప్రార్థనలో పట్టదమ్మా, అన్నాను.
రోడ్డు మీద జగదాంబ వైపు ఒక తెల్ల బండి పోయింది,
ఐసు నీళ్ళు కార్చుకుంటూ.
ఇద్దరం అది మలుపు తిరిగేదాకా చూశాం.

ఆమె సంతకం నేర్చుకున్న మనిషి.
ప్రతి అక్షరం దగ్గరా దారం లాగినట్టు లాగింది.
ఎనభై రూపాయలిచ్చింది, చేపల వాసనతో.
వద్దంటే ఊరుకోలేదు.

ఆమె వెళ్ళాక మొదటి పేజీకి వెనక్కెళ్ళాను.
విసిరివేయబడి దగ్గర కర్సరు ఇంకా మిటకరిస్తోంది.
అది చెరిపి మళ్ళీ కొట్టాను:
ఆ బకిల్ అతన్ని వదిలేసింది.
దాన్ని వాళ్ళు చేశారు. వాళ్ళు అమ్మారు.

ఇది మా భాష కాదు.
రేపు సుభాషిణి గారు ఎర్ర సిరాతో కొట్టేస్తారు.
కొట్టేసే ముందు
ఒకసారి చదవక తప్పదు.